రాష్ట్రపతి ప్రసంగంలోని "నా ప్రభుత్వం" అన్న మాటను పిల్లలకు ఎలా వివరించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నేను తెలుగు మాధ్యమంలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. జనవరి నెలాఖరున పార్లమెంటు ఉభయ సభలనుద్దేశించి రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని పిల్లలకు ఫోన్‌లో కొంతసేపు వినిపించాను. ద్రౌపదీ ముర్ము గారు మన ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లావారు కనుక అందరూ చెవులు రిక్కించి విన్నారు. "మేరీ సర్కార్" అన్న మాట రాగానే ఒక అమ్మాయి లేచి, "ప్రభుత్వం ఆవిడదైతే ప్రధానమంత్రి ఎదురుగా కూర్చుని వింటున్నారేమిటి?" అని అడిగింది. ప్రసంగ పాఠాన్ని ఆమోదించేది మంత్రివర్గమేనని చెప్పాను. "అయితే ఆవిడ ఊరికే చదువుతారా?" అంటూ ఆ పిల్ల చిన్నబుచ్చుకుని కూర్చుంది. పదవి గౌరవం తగ్గకుండా, నిజం దాచకుండా ఈ సంగతి చెప్పే పద్ధతి ఏమైనా ఉందా?

సమాధానం 1 (బరంపురం నుంచి)

రాజ్యాంగం 87వ అధికరణంతో మొదలుపెట్టండి. పార్లమెంటును ఎందుకు సమావేశపరిచారో రాష్ట్రపతి సభ్యులకు తెలియజేయాలని అందులో ఉంది. మొదట ప్రతి సమావేశానికీ ఈ ప్రసంగం ఉండేది. 1951 నాటి మొదటి సవరణతో ఏటా తొలి సమావేశానికీ, లోక్‌సభ ఎన్నికల తర్వాత జరిగే మొదటి సమావేశానికీ పరిమితమైంది. నేను శుభలేఖను ఉదాహరణగా చెబుతాను. ఖర్చూ ఏర్పాట్లూ కొడుకులు చూసుకున్నా, శుభలేఖ మాత్రం తాతగారి పేరు మీదే వేయిస్తాం. ఆ పేరు ఉన్నందువల్లే అది ఏ ఒక్క కొడుకుదో కాక ఇంటిల్లిపాది పిలుపు అవుతుంది. మా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు చదివినదీ మంత్రివర్గం ఆమోదించిన ప్రసంగమే. ఈ మాట చెబితే మా పిల్లలు ఒప్పుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

సమాధానం 2 (రాయగడ నుంచి)

శుభలేఖ పోలిక బాగుంది కానీ, శుభలేఖకు ఎవరూ సవరణలు ప్రతిపాదించరు కదా! ఈ పాఠానికి ప్రాణం ప్రసంగంలో కంటే దాని తర్వాత వచ్చే ధన్యవాద తీర్మానంలోనే (ప్రసంగానికి ధన్యవాదాలు చెబుతూ సభలు చర్చించి ఓటు వేసే తీర్మానం) ఉందని నా అభిప్రాయం. మా తరగతిలో ఒక అమ్మాయిని రాష్ట్రపతిగా నిలబెట్టి, నలుగురు మంత్రులు రాసిచ్చిన కాగితం చదివించాను. "నా ప్రభుత్వం నీళ్ల ట్యాంకు కడిగిస్తుంది" అని ఆమె చదివింది. ప్రతిపక్షం వారు అసలు పార్లమెంటులో వాడే ధోరణిలోనే చీటీలు రాశారు: "కానీ, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్న విషయం ప్రసంగంలో ప్రస్తావించనందుకు చింతిస్తున్నాం." అప్పుడు అందరూ తిరిగి చూసింది మంత్రుల వైపే గాని, చదివిన పిల్ల వైపు కాదు. ఎవరు జవాబుదారీయో నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది. ఇలాంటి సవరణలు 2015లోనూ, 2016లోనూ రాజ్యసభలో నిజంగానే నెగ్గాయి, ప్రభుత్వం పడిపోలేదు. అదే లోక్‌సభలో జరిగితే మంత్రివర్గం విశ్వాసం కోల్పోయినట్లే భావిస్తారు. ఆ తేడాకు కారణం పిల్లలనే వెతకమనండి.

సమాధానం 3 (గుణుపురం నుంచి)

రెండు చిన్న మాటలు. భువనేశ్వర్‌లో మన శాసనసభకు గవర్నరు చేసే ప్రసంగం కూడా ఇటువంటిదే. దానికి ఆధారం 176వ అధికరణం. టీవీలో అమెరికా అధ్యక్షుని వార్షిక ప్రసంగం చూసిన పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. అక్కడ అధ్యక్షుడే ప్రభుత్వాధినేత కనుక, పాఠం ఎవరు రాసిచ్చినా అందులోని విధానం ఆయనదే. పైగా 1801లో జెఫర్సన్ మొదలుకొని 1913లో విల్సన్ స్వయంగా వచ్చి మాట్లాడేదాకా అది రాతప్రతిగానే అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌కు వెళ్లేది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సోమవారం చీటీలు రాయిస్తాను, రాష్ట్రపతిగా ఆ చిన్నబుచ్చుకున్న అమ్మాయినే నిలబెడతాను. గడియ సమస్య మా బడిలోనూ ఉంది.