మేడ మీది యాంటెనాకు పీఎల్-259 చాలుతుందా, ఎన్ కనెక్టర్ తప్పదా?

తీరవాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఉంటాను. ఈ మధ్యనే అమెచ్యూర్ రేడియో లైసెన్సు వచ్చింది. మేడ మీద 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే నిలువు యాంటెనా ఒకటి, విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌పై పంపే సంకేతాలను అందుకోవడానికి చిన్న యాంటెనా మరొకటి నిలబెట్టాలనుకుంటున్నాను. మొదటి యాంటెనాకు వాడబోయే 50 వాట్ల సెట్ వెనుక ఎస్‌ఓ-239 సాకెట్ (పీఎల్-259 ప్లగ్ బిగించేది) ఉంది. యాంటెనా తయారుచేసి ఇచ్చేవారు దాని అడుగున ఎస్‌ఓ-239 కావాలన్నా, ఎన్ ఫిమేల్ (ఎన్ రకం సాకెట్) కావాలన్నా బిగించి ఇస్తామంటున్నారు. రెండో యాంటెనాకు యూఎస్‌బీ డాంగిల్ రిసీవర్ ఉంది, దానికి ఎస్‌ఎమ్‌ఏ సాకెట్ ఉంది.

మేడ నుంచి గదిలోకి 20 మీటర్ల కేబుల్ పడుతుంది. పాత డిష్ తీసేసినప్పుడు మిగిలిన ఆర్‌జీ-6 కేబుల్ రెండు కొసలా ఎఫ్ కనెక్టర్లతో సహా నా దగ్గర ఉంది. ఈ కేబుల్‌ను రెండింటిలో దేనికైనా వాడుకోవచ్చా? యాంటెనా అడుగున ఏ కనెక్టర్ పెట్టించుకోవాలి? ఆన్‌లైన్‌లో వెతికితే ఎస్‌ఎమ్‌ఏ అని కొన్ని, ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ అని కొన్ని కనిపిస్తున్నాయి. ఫొటోలో రెండూ ఒకేలా ఉన్నాయి. వీటిని ఎలా గుర్తుపట్టాలో కూడా దయచేసి చెప్పగలరు.

పాతకాపు_హామ్ సమాధానం

తీరవాసి గారూ, లైసెన్సు వచ్చినందుకు అభినందనలు. కనెక్టర్ కన్నా ముందు కేబుల్ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మీ 50 వాట్లలో ఎక్కువ భాగం పోయేది అక్కడే. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌లో దాదాపు 4 డెసిబెల్స్ నష్టం ఉంటుంది, అంటే యాంటెనాకు చేరేది 20 వాట్లే. అదే పొడవుకు ఆర్‌జీ-213 వాడితే సుమారు 34 వాట్లు, ఎల్‌ఎమ్‌ఆర్-400 వాడితే 40 వాట్లు చేరతాయి. సరిగా వేసిన పీఎల్-259 వల్ల పోయేది వీటి పక్కన లెక్కలోకి రాదు.

పీఎల్-259, ఎస్‌ఓ-239 జతను యూహెచ్‌ఎఫ్ కనెక్టర్ అంటారు గానీ, అది 1930ల నాటి రూపకల్పన. దాని లోపలి కొలతలు 50 ఓమ్‌ల ఇంపీడెన్స్‌ను (తరంగానికి ఎదురయ్యే విద్యుత్ నిరోధాన్ని) నిలబెట్టేలా లెక్కకట్టినవి కావు. కాబట్టి కేబుల్‌లో 50 ఓమ్‌లతో వచ్చిన తరంగం కనెక్టర్‌లోని రెండు, మూడు సెంటీమీటర్ల దూరంలో తక్కువ ఇంపీడెన్స్‌ను దాటుకుని వెళ్లాలి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం రెండు మీటర్లకు పైగా ఉంటుంది, దానిలో రెండు సెంటీమీటర్లు ఒక శాతం మాత్రమే కాబట్టి తరంగం దాన్ని పెద్దగా పట్టించుకోదు. 1090 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 27.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అప్పుడు అదే దూరం తరంగదైర్ఘ్యంలో పదో వంతుకు దగ్గరవుతుంది, పరావర్తనం స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఈ రకాన్ని సుమారు 300 మెగాహెర్ట్జ్ దాటి వాడవద్దంటారు. హెచ్‌ఎఫ్‌లోనూ (30 మెగాహెర్ట్జ్ లోపు), మీ రెండు మీటర్ల బ్యాండ్‌లోనూ (145 మెగాహెర్ట్జ్ దగ్గర) దానికి భయపడనవసరం లేదు.

సెట్ వైపు ఎలాగూ పీఎల్-259 వేయాలి కాబట్టి దాని టంకం గురించి రెండు మాటలు చెబుతాను. ఆర్‌జీ-213 అయితే కేబుల్ నేరుగా కనెక్టర్‌లో పడుతుంది, ఆర్‌జీ-58 అయితే యూజీ-175 అనే రెడ్యూసర్ కావాలి. అన్నిటికన్నా ముందు బిగింపు రింగును కేబుల్‌లోకి ఎక్కించి పెట్టుకోండి, తరువాత ఎక్కదు. బాడీకి ఉన్న నాలుగు రంధ్రాల గుండా లోపలి అల్లిక తీగకు టంకం పట్టాలి. మామూలు నికెల్ పూత మీద టంకం సరిగా అతకదు కాబట్టి, రంధ్రాల చుట్టూ సన్నని ఆకురాయితో పూతను గీకి ఇత్తడి కనిపించేలా చేయండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఈ పని జరగదు. అది బాడీని వేడెక్కించేలోపు లోపలి పాలిథీన్ మెత్తబడి, మధ్య తీగ పక్కకు జరిగిపోతుంది. 80 నుంచి 100 వాట్ల ఐరన్, వెడల్పాటి మొన ఉంటే వేడి త్వరగా అంది పని త్వరగా ముగుస్తుంది. చల్లారాక మల్టీమీటర్‌తో మధ్య పిన్‌కూ బాడీకీ మధ్య షార్ట్ లేదనీ, ఈ కొస పిన్ నుంచి ఆ కొస పిన్‌కు కనెక్షన్ ఉందనీ చూసుకోండి.

యాంటెనా అడుగున ఏది పెట్టించుకోవాలనే దానికి మాత్రం నా సమాధానం ఎన్ ఫిమేల్. పైన చెప్పిన ఇంపీడెన్స్ లెక్క దానికి కారణం కాదు. పీఎల్-259 లోపలికి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం ఉండదు, ఎన్ కనెక్టర్‌లో ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్నవారికి ఆ ఒక్క తేడా చాలు.

సూక్ష్మతరంగం సమాధానం

నేను హైదరాబాద్‌లో మైక్రోవేవ్ కొలతల ప్రయోగశాలలో పనిచేస్తాను. పై సమాధానంతో ఏకీభవిస్తూ, మిగిలిన రెండు ప్రశ్నల గురించి రాస్తున్నాను.

ముందు ఆర్‌జీ-6. అది 75 ఓమ్‌ల కేబుల్. గాలి మాత్రమే నిండిన కోయాక్సియల్ గొట్టంలో నష్టం అతి తక్కువగా ఉండేది 77 ఓమ్‌ల దగ్గర, అత్యధిక పవర్‌ను మోయగలిగేది 30 ఓమ్‌ల దగ్గర. టీవీ, డిష్ వంటి స్వీకరణ పనులకు 75 ఓమ్‌లూ, ప్రసారం కూడా చేసే పరికరాలకు రెండింటికీ మధ్యేమార్గమైన 50 ఓమ్‌లూ స్థిరపడటం వెనుక ఈ లెక్క ఉంది. 50 ఓమ్‌ల యాంటెనాను 75 ఓమ్‌ల కేబుల్‌కు కలిపితే స్టాండింగ్ వేవ్ నిష్పత్తి (పవర్ ఎంత వెనక్కి మళ్లుతోందో చెప్పే కొలత, ఏమీ మళ్లకపోతే 1) 1.5 అవుతుంది, ఆ అతుకు దగ్గర 4 శాతం పవర్ వెనక్కి మళ్లుతుంది. డెసిబెల్స్‌లో అది 0.2 కూడా కాదు. 1090 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఆర్‌జీ-6 నష్టం 4 డెసిబెల్స్ పైచిలుకు, అదే ఆర్‌జీ-58 అయితే 10 డెసిబెల్స్ వరకు, కొన్ని రకాల్లో అంతకు మించి పోతుంది. కాబట్టి విమానాల రిసీవర్‌కు మీ దగ్గరున్న డిష్ కేబుల్ నిస్సందేహంగా మెరుగైన ఎంపిక. దాని ఎఫ్ కనెక్టర్లను తీసేయకండి. ఎఫ్ కనెక్టర్‌లో విడిగా పిన్ ఉండదు, కేబుల్ మధ్య తీగే పిన్‌గా పనిచేస్తుంది. ఆ తీగ కొస నల్లబడి ఉంటే మాత్రం కోసి కొత్త కనెక్టర్ వేయించండి. డిష్ అమర్చేవారి దగ్గర దీనికి కంప్రెషన్ పనిముట్టు ఉంటుంది. డిష్ తల నుంచి పెట్టెకు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు సంకేతాలు వచ్చేది ఈ జత మీదుగానే, అదే తీగ మీద 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి వెళుతుంది. 1090 దానికి కొత్త కాదు.

145 మెగాహెర్ట్జ్ ప్రసారానికి మాత్రం ఈ కేబుల్‌ను వాడమని నేను చెప్పను. నిష్పత్తి 1.5 ఉన్నా సెట్ ఓర్చుకుంటుంది గానీ, ఆర్‌జీ-6 అల్లిక సాధారణంగా అల్యూమినియంతో ఉంటుంది, దాని మీద టంకం పట్టదు. పీఎల్-259ను ఎలాగోలా బిగించినా ఆ కనెక్షన్‌ను 50 వాట్ల దగ్గర నమ్మలేము.

ఇక ఎస్‌ఎమ్‌ఏ, ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ. మరలు బయటికి కనిపించే సాకెట్ మధ్యలో చూడండి. అక్కడ రంధ్రం ఉంటే అది ఎస్‌ఎమ్‌ఏ ఫిమేల్, పిన్ ఉంటే ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ ఫిమేల్. లోపల మరలున్న నట్టు గల ప్లగ్‌లో దీనికి తిరగేసి ఉంటుంది. వైఫై రౌటర్ల మీద ఎక్కువగా కనిపించేది ఆర్‌పీ రకం. పరికరంతో వచ్చిన యాంటెనా బదులు వాడుకదారులు ఇష్టమొచ్చినది తగిలించకుండా, కలిసే భాగం ప్రత్యేకంగా ఉండాలని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నిబంధన వల్ల అది వాడుకలోకి వచ్చింది. రెండు రకాల మరలూ ఒకటే కాబట్టి నట్టు హాయిగా బిగుస్తుంది. కానీ రంధ్రానికి రంధ్రం ఎదురైతే కనెక్షనే ఉండదు, పిన్‌కు పిన్ ఎదురైతే రెండూ వంగుతాయి. కొన్ని చేతి సెట్లలో, ఉదాహరణకు బావోఫెంగ్ యూవీ-5ఆర్‌లో, సెట్ వైపు ఎస్‌ఎమ్‌ఏ మేల్ ఉంటుంది. అది ఆర్‌పీ కాదు, మామూలు ఎస్‌ఎమ్‌ఏలోనే జత అటూ ఇటూ అయింది. కాబట్టి కొనేటప్పుడు పేరుతో పాటు మర ఎటు ఉంది, పిన్ ఎటు ఉంది అని రెండూ అడగండి.

ఎస్‌ఎమ్‌ఏ 18 గిగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది గానీ సున్నితమైనది, మామూలు రకాన్ని సుమారు 500 సార్లు తగిలించి తీయడానికే తయారుచేస్తారు. బిగించేటప్పుడు కేబుల్‌నూ బాడీనీ కదలకుండా పట్టుకుని నట్టును మాత్రమే తిప్పాలి. బాడీని తిప్పితే మధ్య పిన్ సాకెట్ లోపల రాసుకుంటూ తిరుగుతుంది, దాని పూత అక్కడ గీరుకుపోతుంది. మా దగ్గర ఇత్తడి వాటిని 0.56 న్యూటన్-మీటర్ దగ్గర ఆగే టార్క్ రెంచ్‌తో బిగిస్తాము. ఇంట్లో అయితే వేళ్లతో గట్టిగా బిగించి వదిలేయడం మేలు, కటింగ్ ప్లేయర్ జోలికి పోవద్దు.

మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా, పాత సామాన్లు కొనే అలవాటు ఉంటే ఒక హెచ్చరిక. ఎన్ కనెక్టర్ 50 ఓమ్‌లలోనూ 75 ఓమ్‌లలోనూ వస్తుంది, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. 75 ఓమ్‌ల సాకెట్ మధ్య రంధ్రం సన్నది. అందులోకి 50 ఓమ్‌ల లావు పిన్‌ను నెడితే లోపలి రేకులు విచ్చుకుపోయి, ఆ సాకెట్ తరువాత దేనికీ పనికిరాదు. బీఎన్‌సీ అనే మరో రకం కనెక్టర్‌లో మాత్రం 50, 75 ఓమ్‌ల రెండు రకాలూ ఒకదానిలో ఒకటి ఇబ్బంది లేకుండా కలుస్తాయి.

తీరవాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. 145కు ఆర్‌జీ-213, పైన ఎన్, కింద పీఎల్-259 అని నిర్ణయించుకున్నాను. 1090 యాంటెనాకు ఎఫ్ సాకెట్ పెట్టించి, కింద డాంగిల్ దగ్గర ఎఫ్ నుంచి ఎస్‌ఎమ్‌ఏకు మార్చే అడాప్టర్ వేస్తాను. ఎన్ కనెక్టర్‌లో రబ్బరు వలయం ఉంది కదా, అయినా పైన టేపు చుట్టాలా?

టవర్_పని సమాధానం

తప్పకుండా చుట్టాలి. నేను సెల్ టవర్ల మీద యాంటెనాలు బిగించే పనిలో ఉన్నాను. మేము పైన వాడే 7/16 డిన్, 4.3-10 రకాలకు కూడా రబ్బరు వలయాలు ఉంటాయి, అయినా ప్రతి కనెక్టర్‌నూ మూసి గానీ కిందికి దిగము. రబ్బరు ఎండకు గట్టిపడుతుంది. నీరు ఒకసారి అల్లిక తీగకు తగిలితే ఆ సన్నని సందుల గుండా దానంతట అదే లోలోపలికి పాకుతుంది, రాగికి చిలుము పట్టి కేబుల్ మీటర్ల పొడవున పాడవుతుంది. అప్పటికీ బయటికి కనెక్టర్ కొత్తదానిలాగే మెరుస్తూ ఉంటుంది.

ముందుగా కనెక్టర్ మీద మామూలు పీవీసీ టేపు ఒక వరుస వేయండి, రేపు విప్పవలసి వస్తే లోహానికి జిగురు అంటుకోకుండా ఉంటుంది. దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సగం వెడల్పుకు సాగదీస్తూ చుట్టాలి. ఆ టేపు సాగితేనే పొరలు కలిసి ఒకే ముద్దగా మారతాయి, వదులుగా చుడితే విడివిడిగానే ఉండిపోతాయి. చివరగా ఎండ నుంచి కాపాడటానికి మళ్లీ పీవీసీ టేపు. మూడు పొరలనూ కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు పై చుట్టు అంచు కింది చుట్టు మీదకు వచ్చి, పెంకుటింటి కప్పు మీద జారినట్టు వాన నీరు బయటి నుంచే జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీటిని లోపలికి పట్టే గాడి అవుతుంది. కేబుల్ కిటికీలోంచి గదిలోకి వచ్చే ముందు దాన్ని కిటికీ మట్టం కన్నా కిందికి వంచి తీసుకురండి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మీది తీర ప్రాంతం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మొబైల్ నెట్‌వర్క్‌లు పడిపోయాయి, అప్పుడు సమాచారం అందించడంలో హామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాడేవారు) సాయపడ్డారు. అలాంటి రోజున పనిచేయవలసిన యాంటెనా కనెక్టర్‌లో, అంతకు ముందు వానాకాలాల్లో చేరిన తడి ఉండకూడదు.

పాతకాపు_హామ్

టవర్_పని గారు చెప్పిన పద్ధతినే పాటించండి. నేను చేర్చవలసినవి రెండు ఉన్నాయి. డాంగిల్‌కు అడాప్టర్‌ను నేరుగా తగిలించి దానికి ఆర్‌జీ-6ను వేలాడదీయకండి. ఆ కేబుల్ బిరుసు, దాని బరువంతా డాంగిల్ బోర్డు మీద ఎస్‌ఎమ్‌ఏ సాకెట్‌కు ఉన్న టంకం మీద పడుతుంది. ఒక కొసన ఎస్‌ఎమ్‌ఏ, రెండో కొసన ఎఫ్ ఫిమేల్ ఉన్న ఆర్‌జీ-316 తోక కేబుల్ దొరుకుతుంది. జానెడు పొడవుంటే చాలు, ఎఫ్ జత ఉన్న చోటును గోడకు క్లిప్‌తో బిగించుకోవచ్చు.

రెండోది, ఎన్ ప్లగ్ కొనేటప్పుడు ఆర్‌జీ-213కు సరిపోయేదేనా అని అడిగి, క్లాంప్ రకం తీసుకోండి. అందులో అల్లిక తీగను నట్టు, వాషరు కలిసి అదిమి పట్టుకుంటాయి, టంకం మధ్య పిన్‌కు మాత్రమే కావాలి. పిన్‌కు టంకం వేశాక బయటికి మిగిలిన ముద్దను ఆకురాయితో రాసి పిన్ లావు ఎక్కడా పెరగకుండా చూడండి. పిన్ కొస ప్లగ్‌లో సరైన లోతులో ఉందో లేదో కంపెనీ ఇచ్చిన బొమ్మతో సరిచూసుకోండి. పిన్ ముందుకు పొడుచుకొస్తే యాంటెనా సాకెట్ రేకులు దెబ్బతింటాయి, వెనక్కి ఉంటే కనెక్షన్ వచ్చీ రానట్టు ఉంటుంది. టేపు చుట్టక ముందే ఒకసారి సెట్ పెట్టి, తక్కువ పవర్‌తో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు స్టాండింగ్ వేవ్ నిష్పత్తి చూడండి. కింద ఉన్నవారు మీటర్ చూస్తుండగా, పైన ఇంకొకరు కనెక్టర్ దగ్గర కేబుల్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపినప్పుడు ముల్లు కదలకుండా ఉంటే టేపు చుట్టవచ్చు. ప్రసారం జరుగుతున్నంతసేపూ పైనున్నవారు యాంటెనా కడ్డీని మాత్రం తాకకూడదు.