‘యూరు చొరకుము’: చకారమా, జకారమా?

(ఒడిశా, మహారాష్ట్రల్లోని తెలుగువారి మాటలు. ఎవరి మాటకి వారి ఊరి పేరు.)

పర్లాకిమిడి: సుమతీ శతకంలోని ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యం చివర, ‘జొప్పడిన యూర నుండుము, చొప్పడకున్నట్టి యూరు’ తర్వాత, ‘చొరకుము’ అని కొందరు, ‘జొరకుము’ అని కొందరు. ఒడియా బడికెళ్లే మనవలకి ఒడియా లిపిలో రాసివ్వాలి. ఏది రాయమంటారు?

బరంపురం: మూడో పాదంలో పేచీ లేదు. ‘ద్విజుఁడున్’ ద్రుతాంతం, అంటే చివర నకారమున్న మాట, కాబట్టి చకారం జకారమై ‘జొప్పడిన’. ‘ఉండుము’ కళ, అంటే ఆ నకారం లేనిది, కాబట్టి ఆ తర్వాత ‘చొప్పడకున్నట్టి’. చివరిది ‘యూరుఁ జొరకుము’. నకారానికి గుర్తుగా అరసున్నే ఉండాలి. ‘యూరున్’ అని నకారం పలికారో, అక్కడ ఉండాల్సిన జగణం (లఘువు, గురువు, లఘువు) పోయి కందపద్యం చెడుతుంది.

సోలాపురం: అక్కడ ద్రుతమెక్కడిదండీ? ద్వితీయా విభక్తైతే ‘ఊరిని’ కావాలి. ఇది ద్వితీయకొచ్చిన ప్రథమ. ప్రథమ మీద క చ ట త పలు గసడదవలవుతాయి, అంటే ‘యూరు సొరకుము’. మా వైపు ఇప్పటికీ ‘ఇంట్ల సొచ్చిండు’ అనే అంటరు.

సిరొంచ: యతితో తేల్చలేం. చొ, జొ, సొ మూడూ చెల్లుతాయి.

బరంపురం: పిల్లలకి అంతకన్నా పెద్ద చిక్కు లిపిలో ఉంది. ఒడియాలో హ్రస్వ ఒకారం లేదు. చొ అన్నా చో అన్నా ఒకటే గుర్తు. ‘చోరకుము’ అని చదివితే నాలుగు మాత్రల గణం ఐదవుతుంది. హ్రస్వాల మీద చిన్న గీత పెట్టండి. దంత్య చకారానికి (‘చలి’లో పలికే చ) కింద చుక్క పెట్టండి, డ, ఢల కింద చుక్క వాళ్లకి అలవాటే. ‘పాఱు’లోని ఱకారం బదులు మామూలు ర రాసినా గణాలకి నష్టం లేదు.

సోలాపురం: దేవనాగరిలోనూ హ్రస్వ ఒకారానికి అదే అవస్థ. దంత్య చకారం మాత్రం మరాఠీ పిల్లల నోట ఉండనే ఉంది. అసలు ‘చొప్పడు’ అంటే దొరకడం కాదు, అమరడం. అప్పిచ్చేవాణ్ని ముందు చెప్పాడు చూడండి. మా నేతవాళ్లకి నూలు అప్పుగా పుడితేనే మగ్గం ఆడేది. మగ్గం పట్టుకొని వచ్చిన కుటుంబం ఏ ఊళ్లో నిలుస్తుందో ఆ ఒక్క మాటలో ఉంది.

పర్లాకిమిడి: గిడుగు రామమూర్తి గారు 1880లో పంతులుగా ఈ ఊరొచ్చారు. సవర గిరిజనుల భాష నేర్చి, వాళ్లకి బడులు పెట్టించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. అర్ధశతాబ్దం పైగా అమరిన ఊరు. చొరడానికే షరతులు పెట్టిన పద్యం, విడవడం మాట ఎత్తలేదు.

సిరొంచ: ‘నుండుము’లో ఉంది కదండీ, అమరినన్నాళ్లూ ఉండమని.

సోలాపురం: ‘అన్నాళ్లూ’ ఎక్కడుంది పద్యంలో? సరే, నా పాఠం మాత్రం ‘సొరకుము’.

బరంపురం: అరసున్న తీసేసి అచ్చేసిన ప్రతులు చూసి అలా అంటున్నారు.