కెన్లీ జాన్సెన్‌ను వెళ్ళనివ్వడం డాడ్జర్స్ చేసిన తప్పేనా?

పడమటితీరం

లాస్ ఏంజెలెస్ బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్, క్లోజర్ (గెలుస్తున్న ఆటను చివర్లో కాపాడే పిచర్) ఎడ్విన్ డియాజ్‌తో మూడేళ్ళకు 6.9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి పాత ప్రశ్న మళ్ళీ పైకి వచ్చింది. 2022 మార్చిలో పాత క్లోజర్ జాన్సెన్‌ను అట్లాంటా బ్రేవ్స్‌కు పోనివ్వకుండా ఉంటే ఇదంతా అవసరమయ్యేదా?

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. జాన్సెన్ కురాసావ్ ద్వీపం వాడు. డాడ్జర్స్ తీసుకున్నది క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడిగా. బ్యాటింగ్ సాగలేదు గానీ చెయ్యి తుపాకీలా ఉందని 2009లో పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా మార్చారు. 2010లో మేజర్ లీగ్‌కు వచ్చి 2021 దాకా ఒకే జట్టుకు 350 సేవ్‌లు (చివర్లో కాపాడిన గెలుపులు) చేశాడు. అది క్లబ్ రికార్డు. చివరి ఏడాది కూడా 38 సేవ్‌లు, 2.22 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు, తక్కువైతే మేలు). యజమానులు ఆటను ఆపేసిన లాకౌట్ ముగిసిన వారం తిరిగేసరికి బ్రేవ్స్ ఒక్క ఏడాదికి 1.6 కోట్ల డాలర్లు ఇచ్చి పట్టుకెళ్ళారు. రెండు వారాలకు డాడ్జర్స్ అవుట్‌ఫీల్డర్ ఏజే పోలక్‌ను ఇచ్చి ఇంకో క్లోజర్ క్రెయిగ్ కింబ్రెల్‌ను తెచ్చుకున్నారు. కింబ్రెల్ ఆ ఏటి జీతం ఎంత? అదీ 1.6 కోట్లే.

అదే డబ్బుకు సొంత మనిషిని వదిలి పొరుగువాడిని తెచ్చుకున్నారు. నా మటుకు ఇది తప్పే.

లెక్కలపంతులు

350 అనే అంకె ముందు పెట్టి మొదలుపెడితే చర్చ అక్కడే పక్కదారి పడుతుంది. సేవ్ అంటే ఏమిటో చూడండి. ఆటను ముగించాలి, జట్టు గెలవాలి, గెలుపు తన పేరిట పడకూడదు. ఆపైన మూడింటిలో ఒకటి: మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి కనీసం ఒక ఇన్నింగ్స్ (మూడు అవుట్లు) వేయాలి, లేదా సమం చేసే పరుగు బేస్ మీదో, బ్యాట్ దగ్గరో, తర్వాతి బ్యాటర్ రూపంలోనో ఉన్నప్పుడు రావాలి, లేదా మూడు ఇన్నింగ్స్ బాగా వేయాలి. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల ఆధిక్యాన్ని ఒక మాదిరి పిచర్ కూడా చాలాసార్లు కాపాడతాడు. అసలు పరీక్ష ఒక్క పరుగు ఆధిక్యం ఉన్నప్పుడు.

అక్కడ చూడాల్సింది వాక్‌లు, అంటే నాలుగు బయటి బంతులు వేసి బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపడం. 2017లో 68 ఇన్నింగ్స్ పైచిలుకులో జాన్సెన్ ఇచ్చిన వాక్‌లు 7. ఏడు! స్ట్రైక్ అవుట్‌లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) 109, ఈఆర్ఏ 1.32. 2021లో 69 ఇన్నింగ్స్‌లో 36 వాక్‌లు, అంటే ఇంచుమించు రెండు ఇన్నింగ్స్‌కు ఒకటి. ఈఆర్ఏ 2.22 చూసి మురిసిపోయేవాళ్ళు ఈ గీత ఎటు పోతోందో చూడలేదు. ముఫ్ఫై నాలుగేళ్ళ పిచర్‌కు ఎక్కువ ఏళ్ళు ఇవ్వడానికి వెనకాడటంలో తప్పేముంది?

ఆ వాక్ ఖరీదెంతో 2021 జూలైలో తెలిసింది. జూలై 21న అదే డివిజన్‌లోని జెయింట్స్ మీద 2-1 ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో విల్మర్ ఫ్లోరెస్ హోమ్ రన్ (సిక్సర్ లాంటి దెబ్బ), 4-2 ఓటమి. మర్నాడు మళ్ళీ జాన్సెనే, బేస్‌లన్నీ నిండి ఉండగా వాక్‌తో ఒక పరుగు, ఆ తర్వాత సింగిల్ (ఒక బేస్ దెబ్బ), 5-3 ఓటమి. సీజన్ చివరికి జెయింట్స్ 107 గెలుపులు, డాడ్జర్స్ 106. డివిజన్‌లో మొదటి స్థానం ఒక్క ఆటతో పోయింది.

కటర్‌ప్రియుడు

పంతులు గారూ, జూలై 22 వాక్ గురించి సగమే చెప్పారు. ఇద్దరు అవుట్, కౌంట్ 3-2 (మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు), జెయింట్స్ బ్యాటర్ డారిన్ రఫ్ బ్యాట్ ముందుకొచ్చి ఆగింది. ఆగిందా, తిరిగిందా అన్నదే గొడవ. మొదటి బేస్ అంపైర్ తిరగలేదన్నాడు. తిరిగిందని ఉంటే ఆట అక్కడే 3-2తో ముగిసేది, ఆ రాత్రి ఖాతాలో ఇంకో సేవ్ పడేది. వాదించినందుకు మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌ను బయటికి పంపారు. ఒక అంపైర్ కంటిచూపును పిచర్ పతనానికి రుజువుగా పెట్టకండి.

కొత్తచూపరి

ఒక సందేహం. 2017 వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి టైటిల్ పోరు) రెండో ఆటలో జాన్సెన్ మీద మార్విన్ గొంజాలెస్ కొట్టిన హోమ్ రన్ 0-2 కౌంట్ మీద అని చదివాను. రెండు స్ట్రైక్‌లు చేతిలో ఉన్నప్పుడు దూరంగా వేసి ఊరించవచ్చు కదా? ఎందుకు కొట్టించుకున్నాడు?

కటర్‌ప్రియుడు

దానికి ముందు అతని ప్రధాన బంతి కటర్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. క్రికెట్ తెలిసినవాళ్ళకు సులువు. కుడిచేతి పిచర్ కటర్ వెళ్ళే దిక్కు లెగ్ కటర్ దిక్కే, కాకపోతే నేల తాకకుండా గాలిలోనే. కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా పోతుంది, ఎడమచేతి బ్యాటర్‌కు చేతుల్లోకి దూసుకొస్తుంది.

పట్టు దాదాపు మామూలు ఫాస్ట్‌బాల్ పట్టే. చూపుడు, మధ్య వేళ్ళను కుట్టు మీద మధ్య నుంచి కొంచెం బయటి పక్కకు జరుపుతారు. వదిలే క్షణంలో ఒత్తిడి మధ్యవేలి మీద పడాలి. మణికట్టు తిప్పకూడదు. తిప్పితే అది నీరసమైన స్లైడర్ (ఇంకా నెమ్మదిగా, ఎక్కువగా వంగే బంతి) అవుతుంది. బంతి వెనక్కి తిరుగుతూనే కొద్దిగా పక్కకు వంగి తిరుగుతుంది. అందుకే బ్యాటర్ కంటికి సూటి బంతిలా కనిపించి చివర్లో కొన్ని అంగుళాలు జరుగుతుంది. బ్యాట్ లావు అత్యధికంగా 2.61 అంగుళాలే కాబట్టి ఆ కొన్ని అంగుళాలు చాలు. బంతి బ్యాట్ పిడి దగ్గర తగిలి కర్ర విరుగుతుంది. క్లోజర్ మరియానో రివెరా జీవితమంతా ఈ ఒక్క బంతితో 652 సేవ్‌లు చేశాడు. జాన్సెన్ దానికి ఇంకొకటి కలిపాడు: అతని కటర్ పక్కకు జరగడమే కాదు, బ్యాటర్ అనుకున్నంత కిందికి దిగదు. స్ట్రైక్ జోన్ (బ్యాటర్ మోకాళ్ళ నుంచి ఛాతీ దాకా, ప్లేటు మీది చోటు) పై అంచున వేస్తే బ్యాట్ దాని కిందనుంచి పోతుంది.

ఎక్కడ చెడుతుంది? రెండు చోట్ల. వేళ్ళు బంతి వెనక ఉండాల్సింది పక్కకు జారితే వెనక్కి తిరిగే తిరుగుడు తగ్గి, బంతి తేలిపోతుంది. రెండోది, బంతి ప్లేటు బయటి అంచున మొదలైతే జరిగి జరిగి మధ్యలోకి వస్తుంది. గొంజాలెస్ ఆ రోజు ఎడమచేతి వాటంగా ఆడాడు. అతనికి కటర్ బయటి వైపు నుంచి లోపలికి వస్తుంది. జోన్ బయట మొదలై బయటే ఆగాల్సిన బంతి ప్లేటు మీదికి వచ్చేసింది. దాన్ని లాగకుండా ఉన్నచోటే ఎడమ-మధ్య మైదానం వైపు పంపాడు. దూరంగా వేయాలనే అనుకున్నారు, మీరన్నట్టే. కానీ ఆ బంతి స్వభావమే లోపలికి రావడం. ఆ వైపు ఊరించడానికి కిందికి దిగే ఇంకో బంతి కావాలి, అప్పట్లో దాన్ని అతను నమ్మేవాడు కాదు.

క్యాచర్‌మాస్కు

అందుకే 2021 జాన్సెన్ గురించి పంతులు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. 2017 నాటికి కటర్ గంటకు 93 మైళ్ళ దగ్గర ఉండేది, 2020కి 91 దగ్గరికి పడింది. వేగం అంత తగ్గితే బ్యాటర్‌కు దొరికే అదనపు సమయం కనురెప్పపాటుకంటే తక్కువే, కానీ పై అంచు కటర్‌ను ఫౌల్ చేసేవాడు ఇప్పుడు సూటిగా కొడతాడు. అతను చేసిందేమిటి? పదికి ఎనిమిది, తొమ్మిది కటర్లు వేసే మనిషి 2021లో ఇంచుమించు పదికి ఆరుకు తగ్గించి, మిగతావి సింకర్ (కిందికి దిగే బంతి), స్లైడర్ వేశాడు. కొత్త బంతులు చేతికి అలవాటయ్యేదాకా వాక్‌లు పెరగడం మామూలే. వేగం కూడా కొంత తిరిగొచ్చింది.

అయితే మీరు వదిలేసిన ఒక లోపం ఉంది, అది నిజమైన లోపం. రన్నర్లు. మంచి దొంగ, అంటే పిచర్ బంతి వేస్తుండగానే పరుగెత్తి బేస్ దొంగిలించే రన్నర్, మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు చేరడానికి సుమారు 3.4 సెకన్లు పడుతుంది. క్యాచర్ పట్టి, విసిరి, బంతి చేరడానికి 2.0. అంటే పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్‌కు అందేదాకా 1.3-1.4 సెకన్లు మించితే ఆశ లేదు. జాన్సెన్ కాలు ఎత్తి, ఒక క్షణం ఆగి, అప్పుడు దిగుతాడు. ఆ ఆగడమే బ్యాటర్‌ను తికమకపెడుతుంది, ఆ ఆగడమే రన్నర్‌కు బేస్ రాసిస్తుంది. అతను ఇచ్చే వాక్ సగంసార్లు డబుల్‌తో (రెండు బేస్‌ల దెబ్బతో) సమానం.

తలకాయ ఉన్న పిచర్ అన్నది మాత్రం మరవకండి. 2019 జూన్‌లో కబ్స్ మీద రెండు పరుగుల ఆధిక్యం, రెండో బేస్ మీద జేసన్ హేవార్డ్. అక్కడి నుంచి క్యాచర్ సైగలు చూసి బ్యాటర్‌కు అందించే ప్రమాదం ఉందని కావాలనే బాక్ (పిచర్ కదలికలో నియమభంగం) చేసి రన్నర్‌ను మూడో బేస్‌కు పంపాడు. ఆ పరుగు వచ్చినా ఆట పోదు, సైగ పోతే పోవచ్చు. తర్వాతి వాడు స్ట్రైక్ అవుట్.

పడమటితీరం

ఇంత కష్టపెట్టి వాడుకున్నాక వయసు గురించి మాట్లాడటం నాకు నచ్చదు. 2016 అక్టోబర్‌లో వాషింగ్టన్ మీద ప్లేఆఫ్స్ ఐదో ఆటలో ఏడో ఇన్నింగ్స్‌లో దించి 51 బంతులు వేయించారు. మామూలు క్లోజర్ ఒక రాత్రికి వేసేది 15, 20. 2017 వరల్డ్ సిరీస్ రెండో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే, రన్నర్ రెండో బేస్ మీద ఉండగా పిలిచారు. 2018 వరల్డ్ సిరీస్ మూడో ఆటలోనూ ఆరు అవుట్ల పని, జాకీ బ్రాడ్లీ హోమ్ రన్. మర్నాడు మళ్ళీ ఎనిమిదిలోనే, స్టీవ్ పియర్స్ హోమ్ రన్. అదే ఏడాది ఆగస్టులో డెన్వర్ ఎత్తులో గుండె లయ తప్పింది, నవంబర్‌లో గుండెకు రెండో చికిత్స. ఆ మధ్యలో వరల్డ్ సిరీస్ ఆడాడు. అలాంటివాణ్ణి సొంత మైదానంలో హేళన చేసిన అరుపులు 2021లో విన్నాం. ఆ అరుపులు సిగ్గుచేటు.

లెక్కలపంతులు

అరుపులు తప్పు, అందులో మనిద్దరికీ తేడా లేదు. గుండె జబ్బుతో ఆడిన మనిషి ధైర్యాన్ని ఎవరూ కాదనరు. కానీ 2020 వరల్డ్ సిరీస్ నాలుగో ఆట చూడండి. 7-6 ఆధిక్యం, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైక్‌లు. బ్రెట్ ఫిలిప్స్ సింగిల్. క్రిస్ టేలర్ బంతిని జారవిడిచాడు, విల్ స్మిత్ హోమ్ దగ్గర పట్టలేకపోయాడు, మధ్యలో పడిపోయిన ప్రత్యర్థి రన్నర్ అరోజరేనా లేచి వచ్చి గెలిపించాడు. రెండు తప్పులూ జాన్సెన్‌వి కావు. కానీ బంతి బయటి మైదానం నుంచి హోమ్‌కు వస్తుంటే పిచర్ ఎక్కడుండాలి? క్యాచర్ వెనకాల. జారిన బంతి ఆపడానికి. అతను అక్కడ లేడు. చిన్నపిల్లల జట్లలో కూడా మొదట నేర్పే పని అది.

క్యాచర్‌మాస్కు

ఇది ఒప్పుకోక తప్పదు. ఉండి ఉంటే అరోజరేనా మూడో బేస్‌కు వెనుదిరిగేవాడేమో, పదో ఇన్నింగ్స్ జరిగేది.

తొమ్మిదోవాడు

అందరూ ఒక విషయం దాటి పోతున్నారు. డాడ్జర్స్ టైటిల్ గెలిచిన చివరి అవుట్లు ఎవరు తీశారు? 2020లో హులియో ఉరియాస్. 2024లో వాకర్ బ్యూలర్, ఒక్కరోజు విశ్రాంతితో. 2025లో యమమోటో, ముందురాత్రి స్టార్ట్ చేసి మర్నాడే. ముగ్గురూ స్టార్టర్లే, అంటే ఆటను మొదలుపెట్టే పిచర్లు. 2016లో ఆ 51 బంతుల రాత్రి కూడా చివరి రెండు అవుట్లు స్టార్టర్ కెర్షావే తీశాడు. 2021లో జెయింట్స్ మీద తేల్చే ఐదో ఆటలో జాన్సెన్ ఎనిమిదో ఇన్నింగ్స్ వేశాడు, తొమ్మిదోది స్టార్టర్ షెర్జర్‌కు ఇచ్చారు. అతను వెళ్ళేనాటికే ఆ క్లబ్ 'తొమ్మిదోది ఒకడి సొత్తు' అనే పద్ధతి నుంచి బయటికి వచ్చేసింది. జాన్సెన్‌కు మాత్రం తొమ్మిదోదే కావాలి, అడగడంలో తప్పు లేదు. బ్రేవ్స్ ఇచ్చారు, 41 సేవ్‌లతో నేషనల్ లీగ్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నాడు. 2025 ముగిసేసరికి 476, లీ స్మిత్ 478కి రెండడుగుల దూరం. ఎనిమిదోది వేయమని కూర్చోబెట్టి ఉంటే ఈ అంకె ఎక్కడుండేది?

పడమటితీరం

అది అక్టోబర్ లెక్క. స్టార్టర్‌ను అలా వాడటం 162 ఆటల్లో కుదరదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా తొమ్మిదో ఇన్నింగ్స్ రోజూ వస్తుంది. 2022లో కింబ్రెల్ 22 సేవ్‌లు, 3.75 ఈఆర్ఏ, సెప్టెంబర్‌లో ఆ పని పోయింది, ప్లేఆఫ్స్ జాబితాలో పేరే లేదు. 2025లో టానర్ స్కాట్‌కు నాలుగేళ్ళకు 7.2 కోట్లు ఇచ్చి 10 సేవ్‌లు పోగొట్టుకున్నారు. ఇప్పుడు డియాజ్. జాన్సెన్‌ను తీసివేసిన ఖాళీ నింపడానికి పెట్టిన డబ్బు కూడండి.

లెక్కలపంతులు

2022 జాన్సెన్ ఈఆర్ఏ 3.38. కింబ్రెల్ కంటే మెరుగే, కానీ ఆకాశమంత కాదు. ఆ ఏడాది డాడ్జర్స్ 111 ఆటలు గెలిచారు. ప్లేఆఫ్స్‌లో పాడ్రెస్ మీద నాలుగో ఆటలో 3-0 ఆధిక్యం పోయింది ఏడో ఇన్నింగ్స్‌లో. ఆ ఏడాది 1.14 ఈఆర్ఏ ఉన్న ఎవన్ ఫిలిప్స్ బుల్‌పెన్‌లో (పిచర్లు తమ వంతు కోసం వేచి ఉండే చోట) కూర్చునే ఉన్నాడు. జాన్సెన్ ఉన్నా ఆ ఏడో ఇన్నింగ్స్‌లో అతన్ని దించేవారు కాదు. పోగొట్టింది మనిషి లేకపోవడం కాదు, ఉన్న మనిషిని పిలవకపోవడం.

న్యూయార్క్‌పక్షం

ఇక్కడ డియాజ్ పాత జట్టు మెట్స్ అభిమానుల బాధ కూడా వినండి. డియాజ్ 2019లో వచ్చిన కొత్తలో హేళన, 2022లో అతను మైదానంలోకి వచ్చేటప్పుడు ట్రంపెట్ మోగితే నిలబడి చప్పట్లు, 2023 మార్చిలో ప్యూర్టోరికో జట్టు గెలుపు సంబరాల్లో మోకాలి స్నాయువు తెగితే కన్నీళ్ళు, 2025లో 1.63 ఈఆర్ఏ తర్వాత వీడ్కోలు. మీరు నాలుగేళ్ళుగా చేస్తున్న వాదన మేం ఇప్పుడు మొదలుపెట్టాం.

కటర్‌ప్రియుడు

స్వాగతం. డియాజ్‌ది వేరే కథ, ఫాస్ట్‌బాల్ వేగం మీద ఆధారపడే స్లైడర్. వేగం తగ్గినప్పుడు అతని దగ్గర ఏం మిగులుతుందన్నది మూడో ఏడాది ప్రశ్న.

జాన్సెన్ విషయంలో నా లెక్క ఇది. 2022కు ఒక్క ఏడాది, అదే 1.6 కోట్లు, డాడ్జర్స్ ఇవ్వాల్సింది. పోలక్ కూడా మిగిలేవాడు. 2023కు మాత్రం ఇవ్వకూడదు. ఆ ఏడాది పిచ్ క్లాక్, అంటే బంతి వేయడానికి గడువు, వచ్చింది: బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 20. లీగ్‌లో అందరికంటే నెమ్మదిగా వేసేవాళ్ళలో జాన్సెన్ ఒకడు, రెడ్ సాక్స్ రెండేళ్ళకు 3.2 కోట్లు పెట్టారు.

పడమటితీరం

అదే రెడ్ సాక్స్‌తో, అదే క్లాక్ కింద, 2023 మే 10న అట్లాంటాలో 400వ సేవ్ చేశాడు. నెమ్మది మనిషి నేర్చుకున్నాడు కదా. నేను 2023కు కూడా ఇచ్చేవాణ్ణి.