లండన్‌డెర్రీ ఎయిర్ జానపద బాణీయా, జేన్ రాస్ కట్టిందా?

వేణువు: లండన్‌డెర్రీ ఎయిర్, అంటే ‘డానీ బాయ్’ పాట బాణీ, ఐరిష్ జానపదం అని అందరూ అంటారు, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఉత్తర ఐర్లండ్‌లోని లిమవాడీ ఊళ్లో జేన్ రాస్ అనే ఆవిడ రాసి పంపితే ఐరిష్ బాణీలు సేకరించే జార్జ్ పెట్రీ 1855లో అచ్చువేశాడు. ఎవరి దగ్గర విన్నదో లేదు, బాణీకి పేరు లేదు, "చాలా పాతది" అన్న ఒక్క ముక్క తప్ప. పైగా చివర్లో తారస్థాయికి ఎగసే ఆ సంగతి పల్లెపాటలో వచ్చేదేనా? ఆవిడే కట్టి ఉంటుంది.

శారద_హెచ్: వేణువు గారూ, పేరు రాయకపోవడం ఆ రోజుల్లో మామూలే. 1792లో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ వాద్యకారులంతా చేరినప్పుడు, స్వరాలు రాసుకోవడానికి 19 ఏళ్ల ఎడ్వర్డ్ బంటింగ్‌ని పెట్టారు కాబట్టి కొందరి పేర్లయినా మిగిలాయి. వాళ్లలో తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ ఒకరు, చూపు లేదు, తీగల్ని పొడవాటి గోళ్లతో మీటేవారు. ఆయనది లిమవాడీకి దగ్గర్లోని మగిలిగన్! ఆయన వాయించిన ‘ఆష్లింగ్ అన్ ఓగిర్’ అనే బాణీ బంటింగ్ 1796 పుస్తకంలో ఉంది, మన లండన్‌డెర్రీ ఎయిర్‌కి దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది. తారస్థాయి గొంతుకి కష్టం కానీ హార్ప్‌కి, ఫిడేలుకి కాదు కదా.

వేణువు: ఎత్తుగడ కొంత కలుస్తుంది, సరే. ఆ పైకెక్కే చోట మాత్రం నా చెవికి అస్సలు కలవడం లేదు. తాళం నడకా వేరే.

శారద_హెచ్: తాళం గురించి జానపద పాటల పరిశోధకురాలు ఆన్ గిల్‌క్రిస్ట్ 1934లోనే రాసింది. అసలు బాణీ మూడు దెబ్బలది, వాయించినవాళ్లు సాగదీస్తుంటే రాస్ నాలుగుగా రాసుకుని ఉంటుందని. నాకు ఇదే సబబనిపిస్తుంది. సొంతంగా కట్టినావిడ నడకలో ఎందుకు తడబడుతుంది?

చంద్రం: నన్ను బాధపెట్టేది వేరే విషయం. స్వరకర్త స్టాన్‌ఫర్డ్ 1902లో ‘ఐరిష్ రాప్సొడీ’ అనే తన ఆర్కెస్ట్రా రచనల్లో మొదటిదాంట్లో ఈ బాణీ వాడుకున్నాడు, మరో స్వరకర్త గ్రెయింజర్ వాద్యబృందాలకు మలిచాడు, 1913లో వెదర్లీ రాసిన ‘డానీ బాయ్’ మాటలు దీని మీద కూర్చున్నాయి. వీళ్లందరి పేర్లూ ఉన్నాయి. ఎడిన్‌బరో నుంచి ప్రచురణకర్త థామ్సన్ పంపిన వేరే ఐరిష్ బాణీలకు బీథోవెన్ పియానో, వయొలిన్, చెల్లో రాసి ఇచ్చాడు, చాలావాటికి మాటలు కూడా చూడకుండానే. అవి ఎవరు పాడినవో ఇప్పుడు ఎవరిని అడగాలి? మా పిల్లల ఆర్కెస్ట్రా వాళ్లు ఈ బాణీ వాయిస్తున్నారు, కార్యక్రమ పత్రంలో ‘జేన్ రాస్ సేకరణ’ అని వేయమన్నాను.

వేణువు: సేకరణ అంటే నా ప్రశ్నకు మీరే జవాబిచ్చేసినట్టు కదా చంద్రం గారూ. ‘జేన్ రాస్ రాసి పంపినది, 1855’ అని వేయించండి, అంతవరకైతే రుజువుంది.