అప్‌డేట్: కొత్త బట్టలు నాలుగు ఉతుకులకే పాడవుతున్నాయని అడిగింది నేనే

రెండు నెలల క్రితం అడిగాను కదా, పేరున్న బ్రాండ్ టీషర్టులు కూడా నాలుగు ఉతుకులకే పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదకొస్తోంది, ట్రెండ్ పేరుతో వచ్చేవేవీ నచ్చట్లేదు, అసలు బట్టలు కొనాలంటేనే విరక్తి పుడుతోందని. అంత ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మెలిక సంగతి అర్థమైంది. టీషర్టుకు వాడే సింగిల్ జెర్సీ అల్లికలో నూలు పురి తడిసినప్పుడు వదులవ్వాలని చూస్తుంది, దాంతో లూపులు ఒక పక్కకు వాలిపోతాయి. కత్తిరించకముందే గుడ్డను బాగా కుదించి ఉంటే ఇంత జరగదు, ఆ పనికి సమయం పడుతుంది కాబట్టి హడావిడిగా తయారు చేసేవాళ్లు వదిలేస్తున్నారు. అంటే తప్పు నా ఉతుకుది కాదు!

ఇప్పుడు ఏది కొన్నా ముందు లోపలికి తిరగేసి చూస్తున్నాను. కుట్టు దగ్గర గుడ్డ ఎంత వదిలారు, రెండు వైపులా లాగితే దారం పళ్లలా బయటపడుతోందా, వెలుతురుకు పెడితే చెయ్యి కనిపిస్తోందా, అంతే. జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే అంకె) రాసి ఉంటే 180 పైన ఉన్నవే తీసుకుంటున్నాను, 130 వాటితో పోలిస్తే తేడా చేతికే తెలిసిపోతోంది. ట్రెండ్ల గురించి మాత్రం నా కోపం తగ్గలేదు. అందుకే గుడ్డ కొని టైలర్‌తో రెండు చొక్కాలు కుట్టించాను, పది ఉతుకులయ్యాయి, కాలర్ ఇంకా నిటారుగానే ఉంది.