క్వాయ్ నది వంతెన సినిమాలో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. 1957లో డేవిడ్ లీన్ తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' మా అబ్బాయితో కలిసి మళ్లీ చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తమకు చిక్కిన బ్రిటిష్ ఖైదీలతో థాయిలాండ్-బర్మా రైలుమార్గం కోసం వంతెన కట్టించడం, దాన్ని పేల్చడానికి కమాండోలు రావడం ఆ సినిమా కథ. మావాడు ఇంటర్ చదువుతున్నాడు. సినిమా అయ్యాక "ఇదంతా నిజంగా జరిగిందా?" అని పట్టుకున్నాడు.

నాకు తెలిసింది చెప్పాను. షూటింగ్ సిలోన్‌లో జరిగింది, అసలు వంతెన థాయిలాండ్‌లోని కాంచనబురిలో ఉంది. అక్కడి ఉక్కు వంతెనను కమాండోలు పేల్చలేదు, 1945లో మిత్రపక్షాల విమానాలు బాంబులేసి దెబ్బతీశాయి. మరమ్మతు చేశాక ఇప్పటికీ రైళ్లు నడుస్తున్నాయి. అక్కడి ఖైదీలకు నిజంగా అధికారిగా ఉన్న ఫిలిప్ టూసీ కూడా, సినిమాలో అలెక్ గిన్నెస్ వేసిన అధికారి పాత్రలా వంతెన మోజులో పడలేదు, వీలైనంతవరకు పని చెడగొట్టించాడు. అయినా ఆ చివరి పేలుడు దగ్గర గుండె ఆగినంత పనవుతుంది, కాదనలేను!

నన్ను తొలిచేది వేరే విషయం. ఆ రైలుమార్గంలో 12,000కు పైగా మిత్రపక్ష ఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు ఎన్నోరెట్లు పోయారు. వాళ్లలో మలయా తోటల నుంచి తీసుకెళ్లిన తమిళులు, మన తెలుగువాళ్లూ ఉన్నారు. సినిమాలో వాళ్ల ఊసే లేదు.

ఆ కూలీల గురించి తెలుగులోగానీ ఇంగ్లిష్‌లోగానీ మంచి పుస్తకం, డాక్యుమెంటరీ ఏదైనా ఉందా? మలేషియాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇంట్లో పెద్దలు చెప్పిన సంగతులు పంచుకున్నా సంతోషమే. అలాగే చరిత్రను మరీ వంకర తిప్పకుండా, మావాడు మధ్యలో ఫోన్ తీయకుండా చూసే పాత యుద్ధ సినిమాలు ఉంటే చెప్పండి.