అప్‌డేట్: డిస్క్ ఇప్పుడు గొలుసుల్లో ఆగుతోంది

డిస్క్ గోల్ఫ్‌లో (ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ను గొలుసులు వేలాడే బాస్కెట్‌లోకి విసిరే ఆట) ఆరేడు మీటర్ల నుంచి పట్, అంటే బాస్కెట్‌లో పడేలా దగ్గర్నుంచి వేసే త్రో, వేసినా డిస్క్ బాస్కెట్ అంచుకు తగిలి కింద పడుతోంది, ఏం చేయాలని వానాకాలంలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. బాస్కెట్ మొత్తాన్ని కాకుండా గొలుసులో ఒకే లింకును చూడమన్న సలహా బాగా పనిచేసింది.

చాలామంది బాస్కెట్ ఎక్కడిదని అడిగారు. హనుమకొండలో వెల్డింగ్ షాపు అన్నతో పాత సైకిల్ రిమ్ముకు గొలుసులు వేలాడదీయించి, మధ్యలో పైపు నిలబెట్టించాను. ఒక్క వరుస గొలుసులుంటే డిస్క్ సందులోంచి దూసుకుపోతోంది. లోపల ఇంకో వరుస కట్టాక ఆగి, కింది బుట్టలో పడుతోంది. 1970ల్లో ఈ ఆటకు పితామహుడనిపించుకున్న ఎడ్ హెడ్రిక్ గొలుసుల బాస్కెట్ తయారుచేసింది ఇందుకే మరి.

ఇక పట్ సంగతి. భుజం బలం తగ్గించి, ఒంటి బరువును వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి తెస్తున్నాను. చేయి బాస్కెట్ వైపే చాచి చివర్లో వేళ్లు విప్పితే డిస్క్ ఊగకుండా వెళ్తోంది. "రోజూ రెండు మూడు మీటర్ల నుంచే మొదలుపెట్టు తమ్ముడూ" అని ఒక అన్న రాశారు, ఆ మాట బంగారం.

ఆట రూల్ ప్రకారం బాస్కెట్‌కు పది మీటర్ల లోపు నుంచి వేస్తే, డిస్క్ వదిలాక నిలకడగా నిలబడ్డాకే ముందుకు అడుగేయాలి. అదీ అలవాటైంది.

మిగిలింది గాలే. భద్రకాళి చెరువు వైపు నుంచి ఎదురుగాలి కొడితే డిస్క్ పైకి లేచిపోతోంది. ముందు అంచు కాస్త దించి వేస్తున్నాను, అయినా టెన్షనే. ఎదురుగాలిలో మీరెలా వేస్తారో చెప్పండి.